న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఉద్యోగం: ఏ రాష్ట్రానికి ఎంత టాక్సు కట్టాలి?

మీ ప్రశ్న చదివాను. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు దాన్ని రెండు ముక్కల్లో చెబుతాను. మీరు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దెకి ఉంటున్నారు. ఆఫీసు న్యూయార్క్ సిటీలోని మాన్‌హటన్‌లో. వారంలో మూడు రోజులు రైలెక్కి వెళ్తారు, రెండు రోజులు ఇంట్లోంచే పని. మీ జీతం లక్షా ఇరవై వేల డాలర్లు. మీ ఆవిడ న్యూజెర్సీలోనే ఉద్యోగం చేస్తున్నారు, ఆవిడది ఎనభై వేలు. డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, అందులోంచి పట్టుకున్న టాక్సు చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితాలు) రెండూ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక న్యూజెర్సీకి ఇంకా 6,500 డాలర్లు కట్టాలని వచ్చింది. న్యూయార్క్ వాళ్ళు జీతంలోనే పట్టుకున్నారు కదా, మళ్ళీ న్యూజెర్సీకి కూడానా అని మీ మొదటి ప్రశ్న. ఇంట్లో పని చేసిన రోజులకి న్యూయార్క్ టాక్సు వెనక్కి వస్తుందా అన్నది రెండోది. ఇవన్నీ వదిలేసి టెక్సాస్ వెళ్ళిపోతే ఈ గొడవ ఉండదా అన్నది మూడోది.

ముందు టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. ఆ 6,500 మీరు కట్టాల్సిన అంకె కాదు. మీరు న్యూజెర్సీ రిటర్న్ ముందు చేసి, న్యూయార్క్‌ది తర్వాత చూద్దామని వదిలేశారు. అందుకే అలా వచ్చింది. పదహారేళ్ళుగా ఈ చుట్టుపక్కల మనవాళ్ళకి రిటర్నులు చేసి పెడుతున్నాను. ప్రతి మార్చిలోనూ ఎవరో ఒకరు ఇదే స్క్రీన్ చూసి రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తారు.

అసలు సూత్రం ఇది. మీరు కూర్చుని పని చేసిన రాష్ట్రానికి ఆ సంపాదన మీద మొదటి తాంబూలం. మీరు కాపురం ఉండే రాష్ట్రం మీ మొత్తం ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అది ఏ రాష్ట్రంలో సంపాదించినా, హైదరాబాద్‌లో ఫ్లాటు మీద వచ్చిన అద్దె అయినా సరే. కానీ అదే ఆదాయం మీద వేరే రాష్ట్రానికి కట్టిన టాక్సుకి క్రెడిట్ ఇస్తుంది, అంటే ఆ మేరకు తన టాక్సులోంచి తగ్గిస్తుంది. కాబట్టి మీరు రెండు రాష్ట్రాలకీ రిటర్న్ వేయాలి, కానీ ఒకే డాలరు మీద రెండుసార్లు పూర్తిగా కట్టరు. రెండు రేట్లలో ఏది ఎక్కువైతే దాదాపుగా అది పడుతుంది.

ఈ క్రెడిట్ రాష్ట్రాలు దయతలచి ఇస్తున్నదేమీ కాదు. మేరీలాండ్ తన కౌంటీ టాక్సు వరకు క్రెడిట్ ఇవ్వనంటే, వైన్ అనే దంపతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015లో 5-4 తీర్పుతో ఆ పద్ధతి చెల్లదన్నారు. మీ ఫారంలో ఆ ఒక్క లైను వెనక అంత కథ ఉంది.

ఇప్పుడు మీ లెక్క. గుండ్రటి అంకెలు వాడుతున్నాను, మీ అసలు అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

మొదట న్యూయార్క్. మీరు అక్కడ నివాసి కారు కాబట్టి ఫారం ఐటీ-203. ఫెడరల్ రిటర్న్ ఇద్దరూ కలిపి వేశారు, ఇద్దరూ న్యూయార్క్ నివాసులు కారు, కాబట్టి ఇది కూడా కలిపే వేయాలి. చాలామందికి కోపం తెప్పించే విషయం ఇక్కడే వస్తుంది. న్యూయార్క్ మీ ఇద్దరి రెండు లక్షలనీ తీసుకుని, మీరు అక్కడి నివాసులే అయితే ఎంత టాక్సు పడేదో ముందు లెక్కేస్తుంది. అది 10,500 అనుకుందాం. అందులో న్యూయార్క్ సంపాదన వాటా 60 శాతం కాబట్టి 6,300 కట్టమంటుంది. అంటే మీ ఆవిడ జీతం మీద న్యూయార్క్ టాక్సు వేయదు, కానీ మీ జీతానికి ఏ రేటు పడాలో తేల్చడానికి ఆవిడ జీతాన్ని వాడుకుంటుంది. "మా ఆవిడ ఒక్కరోజు కూడా న్యూయార్క్ వెళ్ళలేదు, ఆమె జీతం అందులో ఎందుకు కనిపిస్తోంది" అని చాలామంది అడుగుతారు. కారణం ఇదే. తప్పు పడిందనుకుని ఆ అంకె తీసేయకండి.

తర్వాత న్యూజెర్సీ, ఫారం ఎన్‌జే-1040. రెండు లక్షల మీద న్యూజెర్సీ టాక్సు 8,500 అనుకోండి. అందులో రెండు రాష్ట్రాలూ టాక్సు వేస్తున్న మీ జీతం వాటా 60 శాతం, అంటే 5,100. న్యూయార్క్‌కి మీరు కట్టింది 6,300. ఈ రెండింట్లో తక్కువది క్రెడిట్‌గా వస్తుంది, అంటే 5,100. మిగిలిన 3,400 న్యూజెర్సీకి కట్టాలి. ఆ మిగిలినది దాదాపుగా మీ ఆవిడ జీతం మీద పడే టాక్సే. ఆవిడ జీతంలోంచి 2,000 పట్టుకున్నారని రాశారు కాబట్టి, ఇంకా కట్టాల్సింది 1,400. సాఫ్ట్‌వేర్ 6,500 చూపించింది ఎందుకంటే దానికి న్యూయార్క్ సంగతి ఇంకా తెలియదు, 8,500లోంచి 2,000 తీసేసి చూపించింది, అంతే.

ఎక్కువగా ఖర్చైన 1,200 డాలర్లు, అంటే 6,300కీ 5,100కీ తేడా, మళ్ళీ ఎక్కడా రాదు. అది న్యూయార్క్ రేటు ఎక్కువగా ఉన్నందుకు కట్టే మూల్యం. ఉద్యోగం ఒప్పుకునేటప్పుడే జీతం బేరంలో ఇది చూసుకోవాలి. ఎడిసన్ నుంచి రైలు పాసు ఖర్చు లెక్కేసినట్టే దీన్నీ లెక్కేయండి.

ఈ క్రెడిట్ ఫారం పేరు షెడ్యూల్ ఎన్‌జే-సీఓజే. ఇందులో నేను ఎక్కువగా చూసే తప్పు ఒకటుంది. న్యూయార్క్‌కి కట్టిన టాక్సు అని అడిగిన చోట డబ్ల్యూ-2లో 17వ బాక్సు అంకె ఎక్కిస్తారు. అది మీ జీతంలోంచి పట్టుకున్న అడ్వాన్సు మాత్రమే. అక్కడ రాయాల్సింది ఐటీ-203లో తేలిన అసలు టాక్సు. 6,500 పట్టుకుని, అసలు టాక్సు 6,300 తేలితే, 200 న్యూయార్క్ మీకు రిఫండ్ ఇస్తుంది. రిఫండుగా వచ్చిన డబ్బుకి మళ్ళీ న్యూజెర్సీలో క్రెడిట్ అడగకూడదు కదా. అందుకే న్యూయార్క్ రిటర్న్ ముందు పూర్తిగా, చివరి అంకె వరకు చేయాలి. దాని తర్వాతే న్యూజెర్సీ మొదలుపెట్టాలి. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, వరస ఇదే.

డబ్ల్యూ-2 సంగతి కూడా చెప్పాలి. మీ దాంట్లో న్యూయార్క్ వరసలో 16వ బాక్సులో మొత్తం జీతం ఉంది, కింద న్యూజెర్సీ వరసలో అంతకంటే కొంచెం ఎక్కువ ఉంది. మొత్తం రెండు లక్షల నలభై వేలు సంపాదించినట్టు వేశారని భయపడ్డారు. ఆ రెండు వరసల్నీ కూడకూడదు. ఒకే జీతాన్ని రెండు రాష్ట్రాలూ తమ పద్ధతిలో చెబుతున్నాయి, అంతే. మీరు అక్కడి నివాసి కాకపోయినా న్యూయార్క్ వరసలో ఫెడరల్ జీతం మొత్తం చూపించాలని ఆ రాష్ట్రం నిబంధన. ఇక న్యూజెర్సీ అంకె ఎక్కువ ఎందుకంటే, మీ జీతంలోంచి ప్రీ-టాక్స్‌గా పోయే మెడికల్ ఇన్సూరెన్స్ ప్రీమియం, హెచ్ఎస్ఏ (వైద్యం ఖర్చుల పొదుపు ఖాతా) లాంటివాటికి ఫెడరల్ ఇచ్చే మినహాయింపు న్యూజెర్సీ ఇవ్వదు. రిటైర్మెంట్ పొదుపు 401కేకి మాత్రం ఇస్తుంది. ఇది పేరోల్ తప్పు కాదు, సరిదిద్దమని వాళ్ళ వెంట పడకండి.

ఒకటి మాత్రం తప్పకుండా చూడండి. 18, 19, 20 బాక్సుల్లో న్యూయార్క్ సిటీ పేరు కనిపించకూడదు. సిటీ ఇన్‌కమ్ టాక్సు సిటీలో నివసించేవాళ్ళకే. బయటి నుంచి పనికొచ్చేవాళ్ళ మీద కూడా ఒకప్పుడు చిన్న కమ్యూటర్ టాక్సు ఉండేది, 1999లో తీసేశారు. నేను న్యూయార్క్ సిటీలోని క్వీన్స్ నుంచి ఎడిసన్‌కి మారిన ఏడాది మా పేరోల్‌లో పాత అడ్రసే ఉండిపోయింది. ఐదు నెలలు సిటీ టాక్సు పోయింది. డిసెంబరులో పే స్లిప్పు తీరిగ్గా చూసుకుంటేగాని తెలియలేదు. రిటర్న్‌లో వెనక్కి వచ్చింది కానీ, ఆ ఐదు నెలలూ ఇంటికి పంపాల్సిన డబ్బుకి ఎంత ఇబ్బంది పడ్డామో నాకు గుర్తుంది. ఇల్లు మారిన వారమే హెచ్ఆర్‌లో అడ్రస్ మార్పించండి.

ఇక మీ రెండో ప్రశ్న. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పుడు సలహాలు ఎక్కువ తిరిగేది ఇక్కడే. "వారంలో రెండు రోజులు ఇంట్లో చేశాను, అంటే 40 శాతం పని న్యూజెర్సీలో జరిగింది, న్యూయార్క్ నుంచి 40 శాతం వెనక్కి తెచ్చుకోవచ్చు" అని మీ స్నేహితుడు చెప్పారన్నారు. మామూలు రాష్ట్రాల మధ్య అయితే ఆయన చెప్పింది సరైనదే. న్యూయార్క్ విషయంలో కాదు.

న్యూయార్క్‌కి కన్వీనియన్స్ రూల్ అని ఒకటుంది. మీ ఆఫీసు న్యూయార్క్‌లో ఉండి, మీరు రాష్ట్రం బయట ఇంట్లో కూర్చుని పని చేస్తే, అది కంపెనీకి తప్పనిసరై చేశారా, మీ సౌకర్యం కోసం చేశారా అని అడుగుతుంది. సౌకర్యం కోసమైతే ఆ రోజు కూడా న్యూయార్క్ రోజే. మేనేజరు అనుమతి ఇచ్చారు, పాలసీలో రెండు రోజులు ఇల్లే అని రాసుంది అంటే చాలదు. ఆ పని న్యూయార్క్ ఆఫీసులో చేయడం కుదరదని చూపించాలి. ఆ రాష్ట్రం 2006లో ఇచ్చిన వివరణలో ఉన్న ఉదాహరణ చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది: కొత్త కార్లు పరీక్షించే ఉద్యోగికి ఇంటి దగ్గర టెస్ట్ ట్రాక్ ఉండటం. ల్యాప్‌టాప్ మీద కోడ్ రాసేవాళ్ళకి అలాంటి వాదన నిలబడదు.

కోర్టులో అడగలేదా అంటే అడిగారు. కార్డోజో లా స్కూల్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ కనెక్టికట్‌లో ఇంట్లో రాసుకున్న రోజులకి న్యూయార్క్ టాక్సు ఎందుకని పోరాడారు. 2003లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. టాక్సు చట్టం బోధించే మనిషే ఓడిపోయారు. కాబట్టి స్నేహితుడి మాట మీద 40 శాతం వెనక్కి అడిగి, రెండేళ్ళ తర్వాత వడ్డీతో సహా నోటీసు తెచ్చుకోకండి.

ఇందులో మీకు నష్టం ఎంత? మీరు అనుకున్నంత కాదు. ఆ ఇంటి రోజుల మీద న్యూయార్క్‌కి కట్టిన టాక్సుకి కూడా న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది. పైన వేసిన లెక్కలో మీ జీతం మొత్తాన్ని న్యూయార్క్ సంపాదనగా తీసుకున్నది అందుకే. నిజంగా నష్టపోతున్నది న్యూజెర్సీ ఖజానా. అందుకే 2023లో న్యూజెర్సీ కూడా బదులుగా అలాంటి చట్టమే తెచ్చింది. ఇలాంటి రూల్ ఉన్న రాష్ట్రాల్లో ఉంటూ న్యూజెర్సీ కంపెనీకి ఇంట్లోంచి పని చేసేవాళ్ళకి అది వర్తిస్తుంది. డెలావేర్, పెన్సిల్వేనియాల్లో కూడా కన్వీనియన్స్ రూల్ ఉంది.

అయితే కొన్ని రోజులు మాత్రం నిజంగానే న్యూయార్క్ లెక్కలోంచి బయటికి వస్తాయి. కంపెనీ పని మీద షార్లెట్‌లోనో డాలస్‌లోనో క్లయింట్ దగ్గరికి పంపితే ఆ రోజులు న్యూయార్క్‌వి కావు. వెళ్ళమన్నది కంపెనీ, పని ఉన్నది అక్కడ. ఇలాంటి రోజులుంటే ఐటీ-203-బీలో రోజుల లెక్క వేసి జీతం విడదీయవచ్చు. శని, ఆదివారాలు, పండగ సెలవులు, సిక్ లీవు, వెకేషను తీసేసి, మిగిలిన పనిదినాల్లో న్యూయార్క్ వాటా ఎంతో చూస్తారు. వెళ్ళిన రాష్ట్రానికి అక్కడి రోజులకి టాక్సు కట్టాల్సి రావచ్చు, అది విడిగా చూసుకోవాలి.

ఈ విడదీత చేసినవాళ్ళకి రుజువులు పంపమని ఉత్తరం రావడం మామూలే. కాబట్టి జనవరి ఒకటి నుంచే ఏ రోజు ఎక్కడ పని చేశారో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. విమానం టికెట్లు, హోటల్ బిల్లులు, ఎక్స్‌పెన్స్ రిపోర్టులు, ఆఫీసు బ్యాడ్జి రికార్డు దాచండి. ఏడాది చివర్లో గుర్తు తెచ్చుకుని రాసిన కాగితానికి విలువ ఉండదు.

మనవాళ్ళు ఎక్కువగా పొరబడే ఇంకో సందర్భం. సంక్రాంతికి ఇంటికెళ్ళి, సెలవు సరిపోక నెల రోజులు విజయవాడ నుంచి పని చేశారనుకోండి. అవి న్యూయార్క్ రోజులు కావని కొందరు తీసేస్తారు. అవి కూడా మీ సౌకర్యం కోసం చేసిన రోజులే, న్యూయార్క్ వాటిని తన లెక్కలోనే వేసుకుంటుంది. పని చేయని సెలవు రోజులైతే ఆ లెక్కలోకే రావు.

ఇండియా ఆదాయం గురించి ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అక్కడి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ న్యూయార్క్ సంపాదన కాదు, కానీ న్యూజెర్సీ నివాసిగా ఎన్‌జే-1040లో చూపించాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఇక్కడి సంపాదన ఇండియా బ్యాంకులో వేసుకునే ఖాతా) వడ్డీకి ఇండియాలో టాక్సు లేకపోయినా ఇక్కడ ఉంది. పైగా ఇండియాలో కట్టిన టాక్సుకి ఫెడరల్‌లో క్రెడిట్ దొరుకుతుంది కానీ న్యూజెర్సీలో దొరకదు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ చూపించకుండా వదిలేయడం దానికి జవాబు కాదు.

మూడో ప్రశ్న, టెక్సాస్. అక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ టాక్సు లేదు, నిజమే. ఫ్లోరిడా, నెవాడా, టెనెసీల్లోనూ లేదు, వాషింగ్టన్‌లో జీతం మీద లేదు. కానీ మీరు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుని, ఇదే మాన్‌హటన్ ఆఫీసు ఉద్యోగం ఇంట్లోంచి చేస్తే కన్వీనియన్స్ రూల్ మీ వెంట ఫ్రిస్కో దాకా వస్తుంది. న్యూయార్క్ టాక్సు పడుతూనే ఉంటుంది, టెక్సాస్‌లో టాక్సే లేదు కాబట్టి క్రెడిట్ ఇచ్చేవాళ్ళూ ఉండరు. కంపెనీకి డాలస్‌లో ఆఫీసు ఉండి, మిమ్మల్ని అధికారికంగా అక్కడికి బదిలీ చేస్తే సంగతి వేరు. న్యూయార్క్‌తో సంబంధం లేని కొత్త ఉద్యోగం వస్తే కూడా వేరు. కాబట్టి ఇల్లు మారే ముందు "నా అసైన్డ్ ఆఫీసు ఏది" అని హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి.

హెచ్1బీ వీసా మీద ఉంటే టాక్సు కంటే ముందు చూడాల్సింది ఇంకొకటి. పని చేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే కొత్త ఎల్‌సీఏతో (జీతం, పని చేసే చోటు చెబుతూ కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చే పత్రం) కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో ఇది స్పష్టంగా చెప్పారు. లాయరుతో మాట్లాడకుండా సామాను ప్యాక్ చేయకండి.

ఏడాది మధ్యలో టెక్సాస్ మారితే, మారే రోజు వరకు న్యూజెర్సీకి పార్ట్-ఇయర్ నివాసిగా రిటర్న్ వేస్తారు. ఎక్కడో అపార్ట్‌మెంటు ఉంచుకుని "నేను మారిపోయాను" అనడం మాత్రం పనికిరాదు. న్యూయార్క్‌లో అయితే శాశ్వతంగా వాడుకోగల ఇల్లు ఉండి, ఏడాదిలో 183 రోజులకి మించి రాష్ట్రంలో గడిపితే, కాపురం వేరే చోట ఉన్నా పూర్తి నివాసిగానే చూస్తారు. రోజులో కాసేపు ఉన్నా ఒక రోజే. జెర్సీ సిటీలో ఇల్లు, వారం మధ్యలో పడుకోవడానికి మాన్‌హటన్‌లో చిన్న స్టూడియో తీసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కింద ఇంకొందరు అడిగినవాటికి కూడా జవాబులు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య ఒప్పందం ఉంది, జీతం మీద కాపురం ఉన్న రాష్ట్రానికే టాక్సు. పెన్సిల్వేనియాలో ఉండి న్యూజెర్సీలో పని చేసేవారు ఎన్‌జే-165 ఫారం పేరోల్‌కి ఇస్తే చాలు. కానీ ఫిలడెల్ఫియా సిటీ వేజ్ టాక్సు ఈ ఒప్పందంలో లేదు, అది మూడు శాతం పైమాటే. న్యూజెర్సీ నివాసులకి దానికి క్రెడిట్ వస్తుంది. వర్జీనియా, మేరీలాండ్, వాషింగ్టన్ డీసీల మధ్య కూడా ఇలాంటి సౌకర్యమే. చికాగో చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త: ఇల్లినాయికి విస్కాన్సిన్, అయోవా, మిషిగన్, కెంటకీలతో ఒప్పందం ఉంది, ఇండియానాతో లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఉండి నది దాటి పోర్ట్‌లాండ్‌లో పని చేసేవాళ్ళు ఆరెగాన్‌కి టాక్సు కడతారు. అయితే వాళ్ళు ఇంట్లో పని చేసిన రోజులు ఆరెగాన్ లెక్కలోకి రావు. మీ స్నేహితుడు చెప్పిన పద్ధతి అక్కడ చెల్లుతుంది.

చివరగా ఆ 1,400 గురించి. న్యూజెర్సీకి 400 డాలర్లకి మించి బాకీ ఉండేలా ఉంటే మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ టాక్సు కట్టాలి, లేకపోతే పెనాల్టీ పడొచ్చు. అంతకంటే సులువు, మీ ఆవిడ పేరోల్‌లో ఎన్‌జే-డబ్ల్యూ4 (జీతంలోంచి ఎంత టాక్సు పట్టుకోవాలో చెప్పే ఫారం) మార్పించి, ప్రతి జీతంలో అదనంగా కొంత పట్టుకోమనడం. నెలకి రెండుసార్లు జీతం వస్తే ఒక్కో దాంట్లో అరవై డాలర్లు సరిపోతాయి. ఆవిడ కంపెనీకి మీ జీతం సంగతి తెలియదు కాబట్టి తక్కువ రేటుతో పట్టుకుంటున్నారు. కంపెనీ తప్పేమీ లేదు.

పోయిన ఏడాది రిటర్న్ కూడా ఇలాగే న్యూజెర్సీ ముందు చేసి వేసి ఉంటే, దాన్ని బయటికి తీసి ఎన్‌జే-సీఓజే ఉందో లేదో చూడండి. లేకపోతే ఎన్‌జే-1040ఎక్స్‌తో సవరించి రిఫండ్ అడగడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది. ఈ ఏడాదిది ముందు ఐటీ-203 పూర్తి చేసి, అందులో తేలిన టాక్సు అంకె రాయండి. న్యూజెర్సీ భాగం కలిసి చూద్దాం. ఏప్రిల్ 15కి ఇంకా టైముంది.